బాయి మూసినంక భూమి సంగతేంది?

సెకండ్ సెమ్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌కి నేనిచ్చిన ప్రజెంటేషన్ టాపిక్ బొగ్గు. మొత్తం పన్నెండు స్లైడ్లు. పదకొండో స్లైడ్‌లో పెద్ద అక్షరాలతో ఇలా రాశాను: "అండర్‌గ్రౌండ్ మైనింగ్ వల్ల పైన భూమికి ఏమీ కాదు. ఓపెన్‌కాస్ట్ కన్నా ఇదే పర్యావరణానికి మంచిది." క్లాసులో ఎవరూ ప్రశ్న అడగలేదు. మార్కులు బాగానే వచ్చాయి. నేనూ మర్చిపోయాను.

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఆ స్లైడ్లు ఫోన్‌లో తాతకి చూపించాను. తాత ముప్పై ఏళ్ళకు పైగా బొగ్గు బాయిలో పనిచేశాడు. తట్టా చెమ్మస్‌తో మొదలుపెట్టి టింబర్‌మన్‌గా రిటైరయ్యాడు. ఆయనకి ఇంగ్లీష్ రాదు కాబట్టి ఒక్కో స్లైడూ నేనే తెలుగులో చెప్తూ పోయాను. పదకొండో దాని దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు.

"గిది ఎవలు చెప్పిన్రు బిడ్డా?"

"ఇంటర్నెట్‌లో ఉంది తాతా."

"గుంజలన్నీ పీకినంక పందిరి నిలవడ్తదా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత కొన్ని నెలలు దొరికిందల్లా చదివాను, తాతని పీకి పీకి అడిగాను. ఈ వ్యాసం ఆ పదకొండో స్లైడ్‌కి నేను రాసుకుంటున్న దిద్దుబాటు. నా చదువంతా ఇంగ్లీష్ మీడియమే, తప్పులుంటే సర్దుకోండి. విషయం మాత్రం మన చర్చల్లో ఎక్కడా కనబడటం లేదు కాబట్టి రాయక తప్పడం లేదు.

ముందు పందిరి సంగతి. మన దగ్గర అండర్‌గ్రౌండ్ గనుల్లో ఎక్కువగా వాడే పద్ధతి పేరు బోర్డ్ అండ్ పిల్లర్. బొగ్గు పొరలో అడ్డంగా, నిలువుగా గల్లీలు తవ్వుకుంటూ వెళ్తారు. మధ్యలో చదరపు దిమ్మెల్లా బొగ్గునే వదిలేస్తారు. పైకప్పుని మోసేది ఆ దిమ్మెలే. ఇది మొదటి దశ. రెండో దశలో చివరి నుంచి వెనక్కి వస్తూ ఆ దిమ్మెల్ని కూడా తీసేస్తారు. దీన్నే డీ-పిల్లరింగ్ అంటారు. తీసిన చోట మిగిలే ఖాళీని గోఫు అంటారు. కప్పు కూలి ఆ గోఫు నిండుతుంది. కప్పు పైనున్న రాయి పగులుతుంది, దాని పైది వంగుతుంది, ఆ వంపు అలా అలా నేల దాకా వస్తుంది. గుంజలు పీకిన పందిరి అంటే ఇదే.

నేల ఎలా దిగుతుందో అర్థం కావాలంటే నులక మంచం గుర్తు తెచ్చుకోండి. మనిషి పడుకుంటే మధ్యలో దిగి, అంచుల దగ్గర నులక బిగుసుకుంటుంది. భూమీ అంతే. మధ్యలో గిన్నెలా లోతు పడుతుంది, అక్కడ మట్టి నొక్కుకుపోతుంది. అంచుల దగ్గర సాగి నెర్రెలు విచ్చుకుంటాయి. ఎంత దిగుతుందన్నది పొర మందాన్ని బట్టి, లోతుని బట్టి, పైరాయి గట్టితనాన్ని బట్టి ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఖాళీని నింపారా లేదా అన్నది. ఏమీ నింపకుండా కప్పు కూలనిస్తే తీసిన మందంలో సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ నేల మీద కనబడొచ్చు. ఇసుకని నీళ్ళతో కలిపి పైపుల్లోంచి లోపలికి పంపి గట్టిగా నింపితే (దీన్ని స్టోయింగ్ అంటారు) ఆ దిగుడు కొద్ది శాతానికే ఆగుతుంది.

మీటరు దిగితే ఏమవుతుంది అనుకుంటున్నారా? సిటీలో పెరిగినవాళ్ళకి ఇది పెద్ద నంబర్‌లా అనిపించదు, నాకూ అనిపించలేదు. కానీ వరి మడి అంటేనే లెవెల్. బెత్తెడు ఎత్తుపల్లం ఉంటే ఒక మూల మునుగుతుంది, ఇంకో మూల ఎండుతుంది. కాలువ వాలు మీద నడుస్తుంది. చెరువు తూము ఎత్తుని బట్టి ఆయకట్టు ఉంటుంది. గొలుసుకట్టు చెరువుల్లో ఒక చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. తెలంగాణ వ్యవసాయం వందల ఏళ్ళుగా ఈ వాలు లెక్కల మీదే నిలబడింది. కింద ఒక ప్యానెల్ ఖాళీ అయితే ఆ లెక్క తప్పుతుంది. మట్టి అదే, విత్తనం అదే, రైతూ అదే, కానీ నీళ్ళు రావలసిన చోటికి రావు.

ఇక్కడ మా భాషలో ఒక విచిత్రం ఉంది. బొగ్గు ప్రాంతాల్లో గనిని బాయి అంటాం. నీళ్ళ బావిని కూడా బాయే అంటాం. "బాయికి పోయిండు" అంటే డ్యూటీకా, పొలానికా అనేది సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. చిన్నప్పుడు నాకు ఇది జోక్. ఇప్పుడు కాదు. గోఫు మీద రాళ్ళు పగిలినప్పుడు ఆ పగుళ్ళు నీళ్ళున్న పొర దాకా వెళ్తే నీరు కిందికి జారుతుంది. గనిలోకి చేరిన ఆ నీటిని పంపులతో తోడి బయటికి పోస్తారు. అంటే ఒక బాయి ఇంకో బాయి నీళ్ళు తాగుతుంది.

ఇక చెట్ల సంగతి. నెర్రె పడినప్పుడు సన్నవేళ్ళు తెగుతాయి. చెట్టుకి నీళ్ళు, పోషకాలు తెచ్చేవి అవే. నెర్రె పక్కన మట్టి తేమ పోతుంది, వాన పడినా నీరు నిలవకుండా లోపలికి జారిపోతుంది. గిన్నెలా దిగిన మధ్యభాగంలో దీనికి ఉల్టా, వానాకాలమంతా నీళ్ళు నిలిచి వేళ్ళకి గాలి ఆడదు. ఒకే పొలంలో ఒక చెట్టు దాహంతో పోతే, ఇంకొకటి మునిగి పోతుంది. ఇదంతా ఒక్క రోజులో జరగదు. ఓపెన్‌కాస్ట్‌లో పెద్ద గొయ్యి కనబడుతుంది, మట్టిగుట్ట కనబడుతుంది, ఫోటో తీస్తే ఎవరికైనా అర్థమవుతుంది. అండర్‌గ్రౌండ్ గాయం మాత్రం డ్రోన్ ఫోటోకి చిక్కదు. అందుకే నాలాంటి వాళ్ళు "ఏమీ కాదు" అని స్లైడ్ పెట్టేస్తారు.

ఇంకో విషయం తాత చెప్పేదాకా నాకు తట్టలేదు. బాయి అడవిని పైన మాత్రమే కాదు, లోపల కూడా తిన్నది. కప్పు ఆపడానికి దశాబ్దాల పాటు వాడింది కర్రే. టింబర్‌మన్ అనే ఉద్యోగమే దాని కోసం పుట్టింది. విలియం కింగ్ అనే జియాలజిస్టు 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరొచ్చింది. ఈ చరిత్రలో స్టీల్ సపోర్టులు, రూఫ్ బోల్టులు వచ్చింది చాలా తర్వాత. అంతకుముందు ఎన్ని చెట్లు దిమ్మెల పక్కన నిలబడి అక్కడే గోఫులో పూడిపోయాయో! "నేను పెట్టిన గుంజలు నాతోని బయటికి రాలే" అన్నాడు తాత. అది బాధతో అన్నాడా, గర్వంగా అన్నాడా, ఇప్పటికీ నాకు తెలీదు.

సరే, నష్టం జరిగింది. మరి బాగుచేయడం ఎలా? ఈ ప్రశ్నకి మన దగ్గర తయారుగా ఉన్న జవాబు: మొక్కలు నాటడం. ఫలానా సంవత్సరం ఇన్ని లక్షల మొక్కలు అని బోర్డు, పక్కన ఫోటో. నా గొడవ ఇక్కడే. మొక్కలు నాటడం ఈ పనిలో చివరి మెట్టు, మొదటిది కాదు.

మొదటి మెట్టు నెర్రెలు పూడ్చడం. మట్టి, బంకమన్నుతో గట్టిగా దిమ్మిస చేసి, వెంటనే పూడ్చాలి. ఆలస్యమైతే రెండు ప్రమాదాలు. వాననీరు గనిలోకి దిగి లోపల పనిచేసేవాళ్ళ ప్రాణం మీదికి రావచ్చు. గాలి లోపలికి దూరితే గోఫులో మిగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కి అంటుకోవచ్చు. ఝరియాలో 1916లో మొదలైన మంటలు వందేళ్ళు దాటినా పూర్తిగా ఆరలేదు. రెండో మెట్టు నీటి దారి: కొత్త పల్లం ఎటుందో సర్వే చేసి, కాలువలు, గట్లు, తూములు మళ్ళీ సరిచేయడం. మూడోది పైమట్టి. పంటకి పనికొచ్చే ఆ జానెడు, మూరెడు మట్టిని లెవెలింగ్ పేరుతో కిందికి పోసేసి, ముడి మట్టి పైకి తేకూడదు. నేల కదలడం ఆగిందని కొలిచి నిర్ధారించుకున్నాకే నాలుగో మెట్టు, మొక్క.

ఆ మొక్కైనా ఏది? బొగ్గు ప్రాంతాల్లో తిరిగితే మీకు వరుసలు వరుసలుగా జామాయిల్ కనబడుతుంది. తొందరగా పెరుగుతుంది, పశువులు తినవు, కొడితే డబ్బొస్తుంది. నాటేవాళ్ళ వైపు నుంచి చూస్తే తెలివైన నిర్ణయమే. కానీ గోదావరి పక్క అడవి అంటే అది కాదు కదా. టేకు, మద్ది, ఇప్ప, తునికి, మోదుగ, నేరేడు, ఉసిరి, వెదురు. ఇప్పపువ్వు, తునికాకు ఏరుకుని బతికే కుటుంబాలకి జామాయిల్ తోట అడవి కాదు, ఎవరిదో ప్లాంటేషన్. నత్రజనిని మట్టిలోకి చేర్చే కానుగ లాంటివి, మట్టిని పట్టి ఉంచే గడ్డి ముందు రావాలి. వాటి నీడలో మిగతావి వస్తాయి. ఇది పదిహేను, ఇరవై ఏళ్ళ పని. ఫోటోకి పనికొచ్చే పని కాదు.

బయటి దేశాల్లో ఏం చేశారో చూస్తే రెండు ఉదాహరణలు నన్ను ఆపేశాయి. ఒకటి చైనాలోని హువైనాన్. అక్కడ భూగర్భజలం పైనే ఉంటుంది, కాబట్టి దిగిన పొలాలు చెరువులైపోయాయి. ఆ నీళ్ళ మీద 2017లో 40 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంట్ పెట్టారు. ఐడియా బావుంది. కానీ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. పొలం తిరిగి రాలేదు. బాగుచేయడం అంటే ప్రతిసారీ పాత స్థితికి తేవడం కాదు, కొన్నిసార్లు అది అసాధ్యం. అలాంటప్పుడు కొత్తగా ఏం చేయాలో నిర్ణయించే హక్కు, అందులో వాటా, పొలం పోయినవాళ్ళకి ఉండాలా వద్దా?

రెండోది జర్మనీలోని రూర్ ప్రాంతం. అక్కడ కొన్ని చోట్ల నేల ఇరవై మీటర్లకు పైగా దిగిపోయింది. పంపులు ఆపితే ఊళ్ళు మునుగుతాయి. చివరి గని 2018 డిసెంబర్‌లో మూతబడింది, పంపులు మాత్రం ఆగవు, ఎప్పటికీ ఆగకూడదు. ఈ పనులకి వాళ్ళు పెట్టుకున్న పేరుకి అర్థం "శాశ్వత బాధ్యతలు". గనులు మూసేదాకా ఆగకుండా 2007లోనే ఒక ఫౌండేషన్ పెట్టి, దాని ఆస్తుల మీద వచ్చే ఆదాయంతో ఆ ఖర్చు నడిచేలా ఏర్పాటు చేశారు. బొగ్గు అయిపోయినా బాధ్యత అయిపోదని లెక్క వేసి మరీ ఒప్పుకున్నారన్నమాట.

మన లెక్క ఎలా ఉంది? గని మూసివేత మీద కేంద్ర బొగ్గు శాఖ 2009లో గైడ్‌లైన్స్ ఇచ్చింది. గని నడుస్తున్నప్పుడే కంపెనీ ఎస్క్రో ఖాతాలో డబ్బు జమ చేస్తూ ఉండాలి. ఇది నిజంగా మంచి అడుగు. అప్పటి ధరల్లో ఓపెన్‌కాస్ట్‌కి హెక్టారుకు 6 లక్షలు, అండర్‌గ్రౌండ్‌కి హెక్టారుకు 1 లక్ష. అంటే ఆరో వంతు. భూమినంతా తిరగేసే ఓపెన్‌కాస్ట్‌కి ఎక్కువ ఖర్చవుతుంది, అది న్యాయమే. కానీ ఇసుకతో నింపిన గనికీ, కప్పు కూలనిచ్చిన గనికీ ఒకటే లెక్క ఎలా అవుతుంది? పైన రాళ్ళగుట్ట ఉన్నా, చెరువు కింద రెండు పంటల వరి ఉన్నా అదే రేటా? ఈ అంకె వెనకాల కూడా నా పదకొండో స్లైడే ఉందని నాకు అనిపిస్తుంది: "పైన భూమికి పెద్దగా ఏమీ కాదు."

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, మా బాబాయే అన్నాడు. "అండర్‌గ్రౌండ్ ఇప్పటికే నష్టాల్లో నడుస్తుంది. స్టోయింగ్ చెయ్యి, నెర్రెలు పూడ్చు, చెట్లు పెంచు అని ఇంకా ఖర్చు పెడితే బాయిలు బంద్ చేసి అన్నీ ఓపెన్‌కాస్ట్ చేస్తరు. గప్పుడు ఊర్లకు ఊర్లే పోతయ్, నౌకర్లూ పోతయ్." ఇది కొట్టిపారేసే మాట కాదు. సింగరేణిలో ఇప్పుడు ఎక్కువ బొగ్గు ఓపెన్‌కాస్ట్‌ల నుంచే వస్తోంది. ఉద్యోగాలు ఎక్కువ ఇచ్చేది మాత్రం అండర్‌గ్రౌండే.

నా జవాబు ఇది. ఖర్చు కొత్తగా పుట్టదు, ఇప్పటికే ఉంది. ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు. బోరు ఇంకో వంద అడుగులు దించుకునేవాడు కడుతున్నాడు, మడి వదిలేసి కూలికి పోయేవాడు కడుతున్నాడు. ఆ ఖర్చుని అండర్‌గ్రౌండ్ బొగ్గు మీదే వేయమని నేను అనడం లేదు. ప్రతి టన్ను బొగ్గు మీద, ఓపెన్‌కాస్ట్‌తో కలిపి, పంచాలి. ఇలా వసూలు చేయడం మనకి కొత్త కాదు. 2010లో బొగ్గు మీద టన్నుకి 50 రూపాయల సెస్ పెట్టారు, 2016కి అది 400 అయింది. క్లీన్ ఎనర్జీ కోసమని మొదలైన ఆ పద్దు, 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల పరిహారం పద్దులోకి పోయింది. డబ్బు వచ్చింది, నెర్రె దాకా రాలేదు.

స్టోయింగ్‌కి గోదావరి ఇసుక కావాలి కదా, అది ఇంకో విధ్వంసం కాదా అని అడగొచ్చు. నిజమే. ఒక గుంట పూడ్చడానికి నదిలో ఇంకో గుంట తవ్వడం ఏం న్యాయం? కానీ దారి ఉంది. ఓపెన్‌కాస్ట్‌లో తవ్విపోసిన మట్టిని కడిగి ఇసుకగా మార్చి స్టోయింగ్‌కి వాడటం సింగరేణిలోనే మొదలైంది. ఒక గని గుట్టతో ఇంకో గని కడుపు నింపడం అన్నమాట. ఇది నాకు ఈ మొత్తం కథలో దొరికిన మంచి వార్త. రామగుండం లాంటి చోట పవర్ ప్లాంట్ల బూడిద కూడా ఉంది, కాకపోతే అది భూగర్భజలంలోకి ఏం వదులుతుందో పరీక్షించాకే వాడాలి. పొలాల కింద, చెరువుల కింద, ఊళ్ళ కింద స్టోయింగ్ లేకుండా డీ-పిల్లరింగ్ చేయకూడదనేది మినహాయింపులు లేని నియమం కావాలి.

ఇక మన సంగతి. మనం కంప్యూటర్ సైన్స్ వాళ్ళం, మనకేంటి అనుకోకండి. నేల దిగడాన్ని ఇప్పుడు అంతరిక్షం నుంచి సెంటీమీటర్లలో కొలవొచ్చు. రాడార్ శాటిలైట్ ఒకే చోటిని రెండు రోజుల్లో రెండుసార్లు చూస్తే, ఆ రెండు సిగ్నల్స్ ఫేజ్ తేడాలో నేల కదలిక దొరుకుతుంది. యూరప్ వాళ్ళ సెంటినెల్-1 డేటా 2014 నుంచి ఉచితం. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నిసార్‌లో ఇంకా పొడవైన తరంగాల రాడార్ ఉంది, చెట్లున్న చోట అది బాగా పనికొస్తుంది. ఇబ్బందులు లేకపోలేదు. దున్నిన పొలంలో, వరి ఎదిగే కాలంలో సిగ్నల్ చెదిరిపోతుంది, నేల ఒక్కసారిగా ఎక్కువ దిగితే లెక్క చిక్కుపడుతుంది. పచ్చదనం కొలిచే ఇండెక్స్ ఒక్కటే చూస్తే జామాయిల్ తోట, ఇప్పచెట్ల అడవి రెండూ పచ్చగానే కనబడతాయి. కాబట్టి శాటిలైట్ చూస్తే సరిపోదు, ఊరికెళ్ళి రైతుని అడగాలి, చెట్టు పేరు కనుక్కోవాలి. ఆ పేర్లు తెలుగులోనే ఉంటాయి. మన క్లబ్బు వాళ్ళకి అంతకన్నా మంచి పనేముంది?

నాకు కావలసింది మ్యాప్. ఏ ప్యానెల్ ఎప్పుడు తీశారు, పైన నేల ఎంత దిగింది, నెర్రెలు ఎప్పుడు పూడ్చారు, నాటిన మొక్కల్లో ఐదేళ్ళ తర్వాత ఎన్ని బతికున్నాయి: ఇవన్నీ ఎవరి ఫోన్‌లోనైనా కనబడే మ్యాప్. నాటిన లెక్క కాదు, బతికిన లెక్క. కొలిచేది తవ్వినవాళ్ళే అయితే నమ్మకం కుదరదు, అందరికీ కనబడితే కుదురుతుంది.

చివరగా ఒక మాట ఒప్పుకోవాలి. నా స్కూలు ఫీజు, ఈ కాలేజీ ఫీజు, ఇప్పుడు ఇది టైప్ చేస్తున్న లాప్‌టాప్, అన్నీ తాత జీతం, పెన్షన్ మీద నిలబడిన ఇంట్లోంచే వచ్చాయి. అంటే బొగ్గే కట్టింది. అందుకని గనులన్నీ రేపే మూసేయండి అని రాయడానికి నాకు చెయ్యి రాదు. కానీ తీసుకున్న అప్పుకి లెక్క చెప్పమని అడగడానికి ఆ కారణం చాలు.

మొన్న ఫోన్‌లో ఈ వ్యాసం తాతకి చదివి వినిపించాను. మొత్తం విని, "పందిరి మాట రాసినవా?" అన్నాడు. రాశానన్నాను. "మరి మళ్ళ గుంజలెవలు పాతుతరో అది గూడ రాయి" అన్నాడు.

వచ్చే సెమ్ మినీ ప్రాజెక్ట్‌కి నేను ఆ మ్యాప్ మొదలుపెడుతున్నాను. టీమ్‌లో ఇంకా ముగ్గురికి చోటుంది.